చుక్క

సాయినగర్ మూడో క్రాసులో, మేడ మీది ఆఫీసులో
నా ముందర తెర మీద పందొమ్మిదేండ్ల వాన.
బెళుగుప్ప దిక్కు ఊరిది. రోజూ కొలత చూసి రాసినోడు
తలారి కుళ్ళాయప్ప. ఆయన రిజిస్టరును
ఎవరో ఉన్నదున్నట్టు టైపు కొట్టి పంపినారు.

అంకె, చుక్క, అంకె. ఇంతే నేను రాసిన నమూనా.
నడిపితే ఫోన్ నంబర్లు, 12-4 తేదీలు,
ఎవరిదో బాకీ లెక్క, అన్నీ వానలై వచ్చినాయి.
మరిచిపోయినా.
ఈ లైబ్రరీలో చుక్కంటే చుక్క కాదు, ఏదైనా.
చుక్క చుక్కగానే ఉండాలంటే
దాని ముందర ఒక కర్ర వాల్చి పెట్టాల.

మాటల కోసం చుక్కను, నక్షత్రాన్ని పక్కపక్కన పెట్టినా.
(మా అమ్మకు రెండూ చుక్కలే. చెంబు అడుగున మిగిలిందీ చుక్కే.)
ఆ జంటకు దురాశ.
జూన్ ఒకటిన తెరిచిన కోట్ గుర్తు మొదలు
నవంబరు ఆఖర్న మూసినదాని దాకా
ఒక్క గుటకలో మింగి
ఇదంతా ఒకే వాన అనింది.
వెనకాల ప్రశ్నార్థకం తగిలిస్తే ఆశ తగ్గింది.
శెనక్కాయ విత్తేవాళ్ళకు ఈడ
ఆ గుర్తు ఏప్రిల్‌లోనే తగిలించి ఉంటాది.

ఆరువేల ఎనిమిది వందల వరుసలు దొరికినాయి.
అరవై మూడు దొరకలా.
వాటిని చూసి నమూనా తప్పని కూడా అనలా,
ఖాళీ చేతులతో వచ్చి నిలబడింది.

“మబ్బు వచ్చె. కణేకల్లు పక్కకు పోయె.”
“ఎద్దు వీపు తడిసె. నేల తడవలే.”
“వాసన మాత్రం.”
“సీసా పగిలినాది. దోసిలి పట్టి చూస్తి. వేళ్ళ సందుల్లో పోయె.”

ఇంతియాజ్ సార్ నా భుజం మీంచి చదివి
“సున్నా వేసేయ్, అయిపోతాది” అన్నాడు.
ఆయన తప్పేం లేదు.
పంట బీమాకు పోయే పట్టికలో
వాసనకు గడి లేదు.

వేసినా. అరవై రెండు సున్నాలు వేసినా.
దోసిలి కాడ ఆగినా.
ఆ చేతులు ఎంత పెద్దవో ఎవర్ని అడగాల?

టీ తాగొచ్చి, నమూనా చివర నిలువుగీత గీసి
ఇంకో దారి చేర్చినా: లేదా, దోసిలి.
నడిపినా.
వరుస 2906, ఆగస్టు పదకొండు. ఒక్కటే.
ఎన్ని మిల్లీమీటర్లని అడుగుతా ఉంది.
కర్సరు చుక్క మాదిరి కొట్టుకుంటాంది.
ఫైలు ఇంకా మూయలా.