మూడో మలుపు

పాత ఇంజను దించేటప్పుడు
కింద పరుపు పరిచాం.
రెండే సిలిండర్లు, ఇద్దరు మోయగల బరువే,
అయినా రోసోలీనో నడుం పట్టుకుని
నానమ్మని తలుచుకున్నాడు.

ఐదొందల సీసీ అంటారు గానీ
నిండా ఐదొందలు లేదు, అర తక్కువ.
ఆ అర లోటుతోనే యాభై ఏళ్ళు
కమ్మరాతా కొండ మీదికి
పిండి బస్తాలు మోసింది, పెళ్ళికూతుళ్ళని మోసింది,
ఒకసారి, గుడ్డ టాపులోంచి తల బయటపెట్టిన
దూడని కూడా.

దోన్న ఇన్యాత్సియా స్టూలేసుకుని
షెడ్డులోనే చిక్కుళ్ళు వలుస్తోంది,
ఆసుపత్రిలో మంచం పక్కన కూచున్నట్టు.
"పెద్దది వెయ్యి," అంది పోయిన వారం వచ్చి.
"మోకాళ్ళు పోయాయి. ఇక దిగి నడవలేను."
దిగడం దేనికని
నేను అడగలేదు.

కొత్తది ఆరొందల యాభై రెండు.
కొత్తదంటే, నాకంటే పదేళ్ళు చిన్నది.
తుక్కు దుకాణంలో నుజ్జయిన బండి వెనక
కందిరీగల గూటితో సహా కొన్నాను.
ఇల్లరికం వచ్చిన అల్లుడిలా
ఒళ్ళు పెద్దది, వాకిలి చిన్నది.
నూనె తొట్టి అడ్డొచ్చింది, వెనక రేకు కోశాం.
గాలి గొట్టం అంగుళం పక్కకి జరిపాం.
ఒక్క బోల్టు మాత్రం
ఏ రంధ్రాన్నీ తనదని ఒప్పుకోలేదు.
దాని కోసం ఒక శుక్రవారం మొత్తం పోయింది,
నా బొటనవేలి గోరు కూడా.

బ్రేకులు కూడా మార్చాలి అన్నాను.
"ఎక్కడానికి బ్రేకులెందుకు?" అంది.
"దిగరా మరి?"
చిక్కుడు గింజ ఒకటి జారి డ్రెయిను వైపు దొర్లింది.
అటే చూస్తూ, సరే వెయ్యి, అంది.

తాళం తిప్పి, సీట్ల మధ్య మీట లాగితే
మొదట దగ్గింది.
రెండోసారి పొగ ఊదింది.
మూడోసారి షెడ్డు రేకులన్నీ మోగాయి.
పిట్ట కొంచెం కూత ఘనం అనుకున్నా,
మరీ ఇంత కూతా!
రోసోలీనో కోడిపుంజులా మెడ సాచి నవ్వాడు.
ఆమె నవ్వలేదు.
గింజల గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఎక్కి కూచుంది.

మొదటి మలుపు మూడో గేరులో.
రెండోదీ మూడో గేరులోనే.
ఇంజను వేడెక్కకుండా వెనక మూతకి
చీపురు కర్ర ముక్క ఊతంగా పెట్టాను,
అది తప్ప ఏదీ టకటకలాడటం లేదు.
నాలోపల నేను రేటు పెంచుకుంటున్నాను.

మూడో మలుపులో, రాతిగోడ దగ్గర,
"ఆపు," అంది.
కొత్త బ్రేకులు. ఆగింది.

"జెర్లాండో నన్ను ఇక్కడ దింపేవాడు.
వెనక నలుగురు పిల్లలు.
ఒక మనిషి బరువు తగ్గితే తప్ప ఎక్కేది కాదు.
నేను పక్కన నడిచేదాన్ని,
అతను కిటికీలోంచి మాట్లాడేవాడు.
ఇంట్లో మాట్లాడే మనిషి కాదు.
ఎవరికెంత బాకీ ఉన్నాడో అన్నీ
ఇక్కడే చెప్పేవాడు, ఆ శివాలయం దాకా..."
కాదు, శిలువ దాకా అందామె,
నాకే ఆ చప్పుడులో సరిగా వినపడలేదు.

తలుపు తీసి దిగింది.
మోకాళ్ళ సంగతి గుర్తు చేద్దామనుకుని మానేశాను.
గిన్నె సీటు మీద వదిలి, గోడ పట్టుకుని
ఒక్కో అడుగూ.

నేను మొదటి గేరులో, క్లచ్చి సగం నొక్కి పట్టి
ఆమె పక్కనే.
కొత్త ఇంజనుకి ఇదంతా అర్థం కాలేదు.
తాడు కట్టిన వేటకుక్కలా
ఎగిరెగిరి పడుతోంది, గింజలు చిందిస్తోంది.
క్లచ్చి కాలుతున్న వాసన.
కిటికీ అద్దం దించాను.
ఏం మాట్లాడాలో తోచక
బిల్లు చెప్పడం మొదలుపెట్టాను.
ఇంజనుకి ఇంత, బ్రేకులకి ఇంత,
రేకు కోసినందుకు ఏమీ వద్దులే,
బోల్టుకి మాత్రం...

"వినపడటం లేదు," అంది నా వైపు చూడకుండా.
"మొదట్నించీ చెప్పు."