రెండువందల పద్నాలుగు

తివాచీల దుకాణం మూతపడ్డాక
ఆరునెలలకి అద్దెకి తీసుకున్నాం దాన్ని.
ఇవాళ శనివారం, ఖాళీ చేస్తున్నాం.
గోడ మీద ఓ క్లేర్ పటం,
వీధివీధికీ గుచ్చిన రంగు గుండుసూదులు.
ఆర్డిస్ ఒక్కొక్కటే పీకి
కాఫీ డబ్బాలో వేస్తోంది.
టిక్కుమని ఓ చిన్న చప్పుడు.
అంతకు మించి ఎవరూ ఏమీ మాట్లాడ్డం లేదు.

రెండువందల పద్నాలుగు ఓట్లు.
లూథరన్ చర్చిలో శుక్రవారం చేపల వేపుడుకి
ఇంతకన్నా పెద్ద వరస ఉంటుంది.

మంగళవారం రాత్రి మార్లిస్
కాగితం చూడకుండా నాలుగు ముక్కలు మాట్లాడింది.
మూడో ముక్క దగ్గర గొంతు పెగల్లేదు.
ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి,
అందరి మొహాలూ ఓసారి చూసి
"అంతా ఎక్కారా?" అంది.
ఎవరో నవ్వారు.
ఏడుపులు ఆ నవ్వుతోనే మొదలయ్యాయి.

నాకు మాత్రం జులై పదిహేడు గుర్తొస్తోంది.
బిర్చ్ వీధిలో వాన.
"ఈ పక్క రేపు చూద్దాంలే" అన్నాను పా హువాతో.
కారు అద్దాలు ఎక్కించుకుని చిప్స్ తిన్నాం ఇద్దరం.
ఆ రేపు రాలేదు.
ఇప్పుడా వీధి రోజూ నా నిద్రలోకి వచ్చి నిలబడుతుంది,
వరండా దీపాలన్నీ వెలిగించుకుని,
మేం తట్టని తలుపులతో.
నలభై ఒక్క ఇళ్ళు.
ఇంటికి ముగ్గురు చొప్పున వేసుకున్నా చాలవు.
చాలవని తేలాక
కాస్త ఊరట కలగాలి కదా.

నవంబరులో అవతలి పార్టీ చేతిలో ఓడితే
తిట్టుకోడానికి ఒక మొహం దొరుకుతుంది.
ఇది ఇంటి పోరు.
ఇంట్లో ఓడినవాళ్ళు
అదే బల్ల దగ్గర కూచుని భోంచెయ్యాలి.
గెలిచిన వెండెల్ స్ట్రూబ్
మా అమ్మాయికి ఈత నేర్పాడు.
చెరువులో భయపడి మెడ పట్టుకుంటే
గంటసేపు అలాగే నిలబడ్డాడు, విడిపించుకోలేదు.
ఆయన్ని ఏమని తిట్టను?
అయినా తిట్టాను, రెండు రాత్రులు,
వంటగదిలో, గిన్నెలు తోముతూ.

వెర్లిన్‌కి ఎనభై ఒకటి.
కాగితం మిల్లు ఉన్న రోజుల నుంచీ ఓడిపోతున్నాడట.
"అలవాటవుతుందా?" అనడిగాను.
"ఓడిపోవడమా, అవదు.
కుర్చీలు మడతెయ్యడం మాత్రం
తొందరగా వస్తుంది" అన్నాడు,
ఎనిమిదో కుర్చీ మడతేస్తూ.

ఫోను మోగింది.
స్ట్రూబ్ ఆఫీసు నుంచి ఎవరో కుర్రాడు,
మర్యాదగానే, మా పేర్ల జాబితా కావాలని.
"ఇప్పుడు కాదు బాబూ" అని పెట్టేసింది ఆర్డిస్.
ఎప్పుడూ కాదు అనలేదు.
అది అందరం విన్నాం.
విననట్టే అట్టపెట్టెలకి టేపు వేశాం.

మధ్యాహ్నం పా హువా, నేనూ
పచ్చిక మీది బోర్డులు పీకడానికి బయల్దేరాం.
ఇనుప తీగలు వెర్లిన్‌కి,
బరువుకి ఒరిగిపోయిన టమాటా మొక్కల కోసం.
అట్టల మీది పేరు ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు.
డిక్కీలో ఒకదాని మీద ఒకటి పడి
మార్లిస్, మార్లిస్, మార్లిస్.

బిర్చ్ వీధి మలుపులో
ఓ ఇంటి ముందు మేం పెట్టని బోర్డు.
పిజ్జా డబ్బా చింపి, రంగు పెన్సిళ్ళతో,
టోలెఫ్సన్‌లో ఒక అక్షరం ఎగిరిపోయి.
పైన బస్సు బొమ్మ, కిటికీకో తల.
వానకి కింది సగం ఉబ్బి చీకిపోయింది.
పీకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
మాది కాదుగా.

పా హువా నడుస్తోంది ఇంటివైపు.
"ఎన్నిక అయిపోయింది, ఏం అడుగుతావ్ వాళ్ళని?"
"ఏమో" అంది.
అప్పటికే మెట్లెక్కేసింది.