నేలకు బెత్తెడెత్తున

ఇరవై రెండేండ్లు బోరులారీతో బతికినోణ్ణి.
కొంచెం వేగం పెంచితే చాలు
వెనక రాడ్లు పండ్లు కొరికేవి.
నా పరుగంతా కిందికే:
మున్నూరడుగులు, ఆర్నూరు, వెయ్యి.
నీళ్ళు పడినా అడుగుకింత,
దుమ్ము లేసినా అడుగుకింత.

అట్లాంటోణ్ణి
బెంగుళూరు షోరూములో ఒక పొట్టికారు ముందర
తెలీకుండానే చెప్పులిడిసినా.
ఎరుపంటే ఎరుపు కాదు,
కల్లంలో మిరపకాయ నల్లబడేదానికి ముందురోజు రంగు.
దేశం మొత్తానికి రెండొందలే అంట.
తలుపు గడప మీద ఇత్తడి రేకు: నూటపన్నెండు.
"మళ్ళీ చెయ్యరు సార్" అన్నాడు టై కట్టుకున్న పిల్లోడు.
నాకు నవ్వొచ్చింది.
దుమ్ము లేసే బోరు పక్కన నిలబడి నేనూ అదే అంటా:
"ఇంకో యాభై అడుగులన్నా, మళ్ళీ ఈ రేటుకు దొరకదు."
మాట అమ్మేటోడే మాటకు పడినాడు.

ఓబుళమ్మ ఒక్కసారే ఎక్కింది, దేవుని కడప దాకా.
"ఏందయ్యా ఇది, రోట్లో కూచోబెట్టి దంచినట్లు" అని
తిరిగొచ్చేటప్పుడు ఆటో పిలిచింది.
ముందు సీటు నన్ను కావలించుకుంటాది గానీ
నా పొట్టను ఒప్పుకోదు.
వెనక సీటుంది. ఇంతవరకూ అందులో కూచున్నది
ఒక మూట శనక్కాయలు.
టైరు పోతే నలభై రోజులు. అద్దం పోతే దేవుడే దిక్కు.
మస్తాన్ బానెట్టెత్తి, చేతులు వెనక్కి కట్టుకుని చూసి,
మూసేసినాడు:
"అన్నా, దీంట్లో నా చెయ్యి దూరే సందు లేదు."
మా వీధి హంపును రోజూ ఓరగా దాటుతా,
గర్భిణిని మంచం దించినట్లు.

అయినా
తెల్లారకముందే గువ్వలచెరువు ఘాటెక్కుతాంటే
రెండో గేరు, మూడు, మళ్ళీ రెండు,
కొండమలుపు అరచేతిలోకొస్తాది
కోడెదూడ ముట్టె మాదిరి, మొండిగా, వెచ్చగా.
కాలు తీస్తే వెనక గొట్టంలో
ఆవాలు చిటపటమంటాయి.
ఈ మలుపుల్లోనే కదా రిగ్గును ఒకటో గేరులో,
క్లచ్చు కాలే వాసనతో,
వెనక పన్నెండు లారీల తిట్లతో ఈడ్చింది.
యాభైకి దగ్గరపడినోణ్ణి,
ఎవరూ వినరు గదా అని గట్టిగా కేకేస్తా.
పైన కోవా అంగళ్ళు ఇంకా మూసే ఉంటాయి.
ఇంజను టిక్కుటిక్కుమని చల్లారతాది.
అంతే. పదకొండు నిమిషాలు.

పోయిన నెల చక్రాయపేట పక్క
నడిపి వీరన్న కాడికి బాకీకి పోయినా.
లారీ అయితే నేరుగా చేను నడిమికి పోయేది.
ఇది వంకలో రాయికి కడుపు కొట్టుకుంది.
ఆ గీరుడు నా పండ్లలోకొచ్చింది.
దిగి నడిచినా, మైలున్నర.
ఆ చేన్లలో నేను నడవడం అదే మొదలు.
చీనీచెట్లు నిలువునా ఎండినాయి.
కేసింగు మీద బండరాయి మూత,
దాని మీద నా కంపెనీ పేరు, ఫోను నంబరు,
నేనే ఏపిచ్చిన నీలం రంగు, ఇంకా వెలవలేదు.

వీరన్న ఊర్లో లేడు.
ఆయన కొడుకు, పదమూడేండ్లోడు,
నేను నోరు తెరవకముందే
"కారు యాడ ఆపినావు మామా?" అని
నాకంటే ముందర వంకకు ఉరికినాడు.
చుట్టూ తిరిగినాడు. తాకలేదు.
వంగి చూసి, "దీని కింద పిల్లి గూడా పట్టదే!"
తలుపు తీసినా.
ఇత్తడి రేకు మీద అంకె వేలితో చదివినాడు.
"నూటపన్నెండు...
అడుగులా మామా?"

కాదన్నా.
మరేమిటో చెప్పడం రాక తాళంచెవి తిప్పినా.
గొట్టం చిటపటమంది, వాడు ఎగిరి నవ్వినాడు.

బాకీ కాగితం జేబులోనే వాపసొచ్చింది.
దాన్నింకా చించలేదు. కారూ అమ్మలేదు.
కడుపు కింద జానెడు గీత పడిందంట,
మస్తాన్ పడుకొని, వేలితో తడిమి చెప్పినాడు.