పుర్రచేతి బల్ల

ముందు నేల కొలిచాం.
జీపు కడిగిన నీళ్లు తలుపు వైపు జారాలని
ఆయన వేయించిన సిమెంటు ఇది,
గోడ నించి గడప దాకా అంగుళంన్నర వాలు.
జీపు అమ్మేసి నాలుగేళ్లు.
నూనె మరక మాత్రం
సోడాకీ సర్ఫుకీ రంపప్పొట్టుకీ దేనికీ లొంగలేదు.
సరే, ఉండనీ.

"ముందు కాళ్లు పొడుగు, వెనక కాళ్లు పొట్టి.
కుంటి బల్లవుతుంది మావుసీ"
అన్నాడు దండపాణి మహారణా, బీడీ చెవిలో దోపుకుని.
అవనీ.
చదును నేల మీద కుంటుతుంది.
ఇక్కడైతే నిలబడుతుంది.

కర్ర సంగతి చెప్పాలి.
గుణుపురం చిన్న రైలు పట్టాలు పీకేసినప్పుడు
వేలంలో ఎవరో కొని, ఇంకెవరికో అమ్మి,
చివరికి ఇటికల బట్టీ వెనక
వానకి తడుస్తూ పడున్న గుగ్గిలం స్లీపర్లు.
ఆరు తెచ్చాను. ఒక్కోటి ఎత్తడానికి ఇద్దరు మనుషులు.
రంపం పెట్టగానే తారు వాసన,
దాని కింద బొగ్గు,
ఇంకా కిందెక్కడో
పొద్దుటి బండిలో నా ఒళ్లో పెట్టుకున్న
టిఫిను డబ్బా వాసన కూడా ఉందన్నాను.
మహారణా నవ్వలేదు.
వంగి వాసన చూశాడు.

రెండో కోతలో విరిగిన మేకు తగిలి
రంపం మూడు పళ్లు రాల్చుకుంది.
ఆ పూటకి పని అయిపోయింది.
టీ తాగాం.

ఇరవై మూడేళ్లు ఐటీఐలో పనిముట్ల గది నాది.
ఉలులు, ఆకురాళ్లు, పట్టుకార్లు
కిటికీలోంచి కుర్రాళ్లకి రాసి ఇచ్చేదాన్ని,
సాయంత్రం లెక్క చూసి లోపల పెట్టేదాన్ని.
ఒక్క ఉలీ పోలేదు.
ఒక్క ఉలీ పట్టలేదు.
బల్లలన్నీ ఆ కుర్రాళ్ల నడుం ఎత్తు.
మధ్యాన్నం భోజనాల వేళ ఎవరూ లేకుండా చూసి
ఒక్కోసారి వాటి ముందు నిలబడేదాన్ని.
భుజాలు చెవుల దాకా లేచేవి.

నాది పుర్రచెయ్యి.
మా చిన్నత్త దానికి గుడ్డ చుట్టి కట్టేసేది
అన్నం దగ్గర, పలక దగ్గర.
కొట్లో ఆ చేత్తో చిల్లరిస్తే
పుచ్చుకోకుండా గల్లా మీద పెట్టమన్నాడొకాయన.
రాత కుడి చేతికొచ్చింది.
సుత్తి రాలేదు.

"చెయ్యి కిందకి వదలండి మావుసీ."
వదిలాను.
మణికట్టు దగ్గర గోడ మీద గీత గీసి
పక్కన ఒడియా అంకె వేశాడు.
దాని కింద నేను తెలుగులో రాసుకున్నాను,
ఇరవై తొమ్మిదింబావు.
"టికే పెంచనా? రేపు మీ అల్లుడు వాడుకుంటాడేమో."
వద్దు.
వాడుకుంటే వంగుతాడు.

అందరి బల్లకీ ఎడమ కొసన ఉండే వైసు
నా బల్లకి కుడి కొసన బిగించాం.
అటు తిప్పి ఇటు తిప్పి, తల గోక్కుని,
తనే నా వైపొచ్చి నిలబడి చూశాడు మహారణా.
"అద్దంలో పని చేసినట్టుంది" అన్నాడు.

మేకుల కన్నాలు పూడ్చనివ్వలేదు.
నాలుగింట్లో ఉలులు దిగాయి,
ఒకదాంట్లో పెన్సిలు.
ఒకటి మాత్రం దేనికీ పనికిరాక
ఊరికే ఉంది.

వెళ్లేముందు మట్టం గొట్టం బల్ల మీద పెట్టాడు.
బుడగ నడిమి దాకా వచ్చింది,
ఆగింది అనుకున్నాం,
టికే గోడ వైపు జరిగింది.
మళ్లీ చెక్కుతానని రంధా తీశాడు.
వద్దన్నాను. రైలు కర్ర కదా,
కాస్త కదలడం దానికి అలవాటే.

మొదటి పని గొప్పదేం కాదు.
ఎదురింటి సుమిత్రా పాణిగ్రాహి కుక్కరు పిడి.
పాత స్లీపరు ముక్కే చెక్కి, ఆకురాయి పెట్టి,
కన్నం వేసి, మర బిగించి ఇచ్చాను.
ఆవిడ అటూ ఇటూ ఊపి చూసి,
డబ్బులెంత అని కూడా అడక్కుండా వెళ్లిపోయింది.

పొట్టు ఊడ్చి మరక మీదకి తోస్తుంటే అనిపించింది,
ఆ మర ఏ చేత్తో బిగించానో
నాకు గుర్తు లేదు.