పద్దెనిమిది

మొఖోట్లాంగ్ ఆస్పత్రి, మగవాళ్ల వార్డు.
కిటికీ బయట లెసోతో కొండలకు మంచు పట్టింది.
లోపల పద్నాలుగు మంచాలు, పద్నాలుగు చార్టులు,
శ్వాస అన్న గడిలో అందరికీ పద్దెనిమిది.
రాసింది నేనే.
బీపీకి మిషనుంది, జ్వరానికి థర్మామీటరుంది.
ఊపిరికి మాత్రం ఒక నిమిషం కావాలి.
రాత్రి డ్యూటీ చివర్లో
అంత ఖరీదైన వస్తువు ఎవరి దగ్గరుంటుంది?

సిస్టర్ న్తాటిసి చార్టు చూసి తిట్టలేదు.
తొమ్మిదో మంచం పక్కకు స్టూలు లాక్కుంది.
త్లెలిమా తాత. సరిహద్దు దాటి
ఇరవై రెండేళ్లు బంగారు గనిలో రాయి తొలిచాడు.
బంగారం అక్కడివాళ్లకే మిగిలింది,
రాతిపొడి ఆయన వెంట ఇంటికొచ్చింది.

"గుర్రం ఎలా ఉంది తాతా?"
ఇంత పనిలో కబుర్లేమిటి అనుకున్నాను.
"నల్లది... మొన్న...
ఈనింది."
ఆగి, పెదాలు గుండ్రంగా చుట్టి గాలి వదిలి,
"పిల్ల... తెల్లది."
మాటకూ మాటకూ మధ్య ఎన్ని మెట్లు ఎక్కాడో
ఆమె చూసింది.
నేను గుర్రప్పిల్లను చూశాను.

మణికట్టు పట్టుకుంది, నాడి చూస్తున్నట్టు.
కళ్లు మాత్రం ఆయన కప్పుకున్న దుప్పటి మీద,
దాని మీద నేసిన మొక్కజొన్న కంకి మీద.
లెక్కపెడుతున్నామని తెలిస్తే
ఊపిరి బడిపిల్లాడిలా సర్దుకు కూర్చుంటుందట.
కంకి లేస్తోంది, పడుతోంది, లేస్తోంది.
నా గడియారంలో ముల్లు చుట్టు తిరిగొచ్చేసరికి
ముప్ఫై రెండు.

వేలి క్లిప్పు తొంభై చూపిస్తోంది కదా అన్నాను,
పాత గనిమనిషికి అది చాలు కదా.
"చాలు. ఆ తొంభైకి ఏం కడుతున్నాడో చూడు."
మెడ కండరాలు తాళ్లలా,
కాలరు ఎముక పైన ఊపిరికొక గుంట,
మోకాళ్ల మీద మోపిన మోచేతులు.
అప్పు చేసి పరువు నిలుపుకుంటున్న ఇల్లు, ఆ ఒళ్లు.

తర్వాత అంతా చకచకా.
తలవైపు మంచం ఎత్తాం. ఆక్సిజన్ కొద్దికొద్దిగా,
తొంభై రెండు దాటనివ్వకుండా;
ఎక్కువైనా ఆ ఊపిరితిత్తులకు చేటే.
వీపు కుడివైపు, అడుగున, స్టెతస్కోపులో
కొత్త మంచు మీద బూట్ల చప్పుడు.
కఫం డబ్బా, మాస్కులు, కిటికీలు బార్లా,
డాక్టర్ లెబాకా గదికి నా పరుగు.

పద్దెనిమిది మీద గీత కొట్టి ముప్ఫై రెండు రాశాను.
"కొట్టేసింది కనబడాలి" అంది సిస్టర్, "సంతకం పెట్టు."

పదో మంచంలో కాలు విరిగిన కుర్రాడు
ఇంతసేపు చెయ్యి పట్టుకున్నావేంటని నవ్వాడు.
నాడి అన్నాను.
నిమిషం నిండింది. పద్దెనిమిది.
నమ్మకం కుదరక
మళ్లీ మొదలుపెట్టాను.