తిలారు దాకా

చీపురుపల్లి అవుటర్లో పాసింజరు ఆగి
గంట దాటింది.
నేను ఫోనులో అరుస్తున్నాను.
రెండు సెంట్ల దిబ్బ,
దాని మీద ఒక తాటిచెట్టు,
గట్టున ఎవడో జరిపిన రాయి.
"ఒరే తవిటీ, నీకూ నాకూ ఇంక నేదురా,
నాను సచ్చినా రావొద్దు"
అనీసి ఫోను కట్టేసి,
పెట్టె అంతా నా పక్షమేనా అని చూశాను.

బఠాణీలమ్మే గుంట తలూపింది.
ఎదుటి సీటాయన ఒక్కడే
నా నోటిని కాదు, నుదుటిని చూస్తున్నాడు.

కాళ్ళ మధ్య గోనెసంచి, అందులో కుట్టుమిషను తల.
చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు.
జాలి నాకెప్పుడూ జేబులోనే ఉంటుంది.
పదిరూపాయలు తీశాను.
ఆయన నోటు అందుకుని
వెలుతురుకి పట్టి, దొంగదా మంచిదా చూసి,
నవ్వి, మళ్ళీ నా జేబులోనే దోపాడు.
తన టిక్కెట్టు తీసి చూపించాడు.
నీదేది అన్నట్టు చెయ్యి చాపాడు.
నాకు టిక్కెట్టు లేదు.

కాసేపాగి నోటుబుక్కులో రాసి నా వైపు తిప్పాడు.
గుండ్రటి అక్షరాలు:
"ఎవరు పోయారు?"

ఎవరూ పోలేదన్నాను.
ఆయన నమ్మలేదు.
నా మొహం చూపించి
తన చెంప మీద వేలితో కిందికి ఒక గీత గీశాడు.
పెట్టెలో అందరూ తగువు విన్నారు.
మాటలు తీసేస్తే మిగిలిన దాన్ని
ఈయనొక్కడే చూశాడు.

ఇరవయ్యారేళ్ళు గోగునార మిల్లులో చేశాను నేను.
మగ్గాల హోరులో ఎవడి గొంతూ ఎవడికీ అందదు.
మీసం మెలేస్తే మేస్త్రీ వస్తున్నాడని.
బొటనవేలు పెదవికి వంచితే టీ అని.
చూపుడువేళ్ళు రెండూ విడదీసి, కలిపి తిప్పితే
పోగు తెగింది, ముడెయ్యి అని.
తవిటయ్యది నా పక్క మగ్గమే.
పన్నెండేళ్ళు చేతులతో బూతులు తిట్టుకున్నాం,
నవ్వాపుకోలేక పోగులు తెంపుకున్నాం.
మిల్లు మూసేశారు.
హోరు ఆగింది.
అప్పుడు మొదలయ్యాయి అన్నదమ్ముల మాటలు.

ఆ భాష ఇంకా ఉందా అని చేతులు పైకి తీశాను.
టీ అన్నాను.
ఆయన టీ వేరేలా అంటాడు.
నాది చూసి నవ్వాడు,
మనం పొరుగూరి యాస విని నవ్వినట్టు.
గోనె అంచున నీలం పోగులు లెక్కపెట్టి
ఇది మా మిల్లుదే అన్నాను,
ఎలా చెప్పానో ఏమో.
నీలాచలమని పేరు రాశాడు.
రాసి, కొట్టేసి,
కనుబొమ్మ మీది మచ్చ తట్టాడు,
పిలవాలంటే ఇలా పిలువు అని.

పొందూరు. దూసి. నాగావళి వంతెన.
ఇనుప చప్పుడుకి పెట్టెలో అందరూ నోళ్ళు మూసుకున్నారు.
మేమిద్దరమే మాట్లాడుకున్నాం.
ఆయన భార్యకీ చెవులు లేవట.
వాళ్ళింట్లో పోట్లాడాలంటే
లైటు వెయ్యాలి, ఎదురెదురుగా కూచోవాలి,
ఒకరి మొహం ఒకరు చూస్తూనే ఉండాలి.
కరెంటు పోతే
తగువు సగంలో ఆపి పడుకోవడమే.

తిలారులో దిగాడు.
మిషను తల భుజాన, రెండు చేతులూ దాని మీద,
వెళ్ళొస్తానని చెప్పడానికి వేలు ఖాళీ లేదు.
మచ్చ ఉన్న కనుబొమ్మ ఎత్తాడంతే.

నౌపడలో దిగి టెక్కలి సర్వేయరు దగ్గరికి పోవాల్సినవాణ్ణి,
కోటబొమ్మాళిలోనే దిగిపోయాను.
ఫోను చెయ్యలేదు.
ఫోనులో చేతులు కనిపించవు.

తవిటయ్య వాకిట్లో గునపానికి కర్ర చెక్కుతున్నాడు.
దగ్గాను. తలెత్తాడు.
నోరు తెరవబోయి, మూసుకుని,
చూపుడువేళ్ళు రెండూ ఎత్తాను.

వాడు చాలాసేపు చూశాడు.
కత్తి కింద పెట్టాడు.
తర్వాత మీసం మెలేసి,
నా భుజం మీంచి ఖాళీ వీధిలోకి
బెదురుగా చూశాడు.