కోట్ల గది

లియెపాయలో గాలికి ఒక్కటే పని,
సముద్రం మీంచి వచ్చి ప్రతి తలుపూ తట్టి చూడడం.
అందుకే ఇక్కడ నాటకానికొచ్చేవాళ్లు
ముందు నా దగ్గరికొస్తారు.
తడిసిన కోటు నా చేతిలో పెట్టి
ఇత్తడి బిళ్ల పుచ్చుకుని
భుజాలు తేలికై లోపలికి పోతారు.

ఇరవై రెండేళ్లు నేను అటువైపు మనిషిని.
వేదిక కింద గూట్లో, ఒళ్లో ప్రతి, పక్కన చిన్న దీపం.
మాట తప్పిపోయిన నటుడికి మాట అందించేదాన్ని.
ఆ గూటికి పలకలు కొట్టేశారు.
ఇప్పుడు చెవిలో ఏదో పెట్టుకుంటారట.
కోట్ల గదిలో ఖాళీ ఉందన్నారు, సరే అన్నాను.
ఇక్కడా నేను చేసేది అందించడమే కదా.

సెప్టెంబరులో ఈ ఏటి జాబితా గోడకి అంటించారు:
నాలుగు నవలలు, రెండు కొత్త నాటకాలు.
మొదటిది ఉప్పు పడవల నవల.
ఆరువందల పేజీలు, రెండు గంటల పది నిమిషాలు.
"పిండేశాను వెల్గా, రసం ఒక్కటీ ఉంచాను"
అంది సనిత, ముప్పై నిండని దర్శకురాలు.
పిప్పిలో ఏం పోయిందని నేనడగలేదు.

మా అమ్మ చేపల డబ్బాల ఫ్యాక్టరీ నుంచొచ్చి
ఎంత కడిగినా వాసన వదలని వేళ్లతో
ఆ పుస్తకమే తిప్పేది.
పదిహేడో అధ్యాయం రాగానే లేచి
అక్కర్లేకపోయినా టీకి నీళ్లు పెట్టేది,
మాకు వీపు చూపించి.

నాటకంలో పదిహేడో అధ్యాయం లేదు.

నా గదిలో గోడకి ఓ పాత స్పీకరు.
అందులోంచే నేను నాటకాలు చూస్తాను.
రెండో రాత్రి విరామంలో ఓ పిల్ల వచ్చింది.
పదిహేనేళ్లుంటాయి, గోళ్ల రంగు సగం ఊడిపోయింది,
బిళ్ల ఎనభై ఎనిమిది.
"నా కోటివ్వండి. ఆ చెల్లెలు ఏమైందో
ఎవరూ చెప్పేట్టు లేరు."

కోటు తీశాను గానీ ఇవ్వలేదు.
కోటు చంకలో ఉండగానే చెప్పేశాను:
అన్న పడవ మంచులో ఇరుక్కున్న రాత్రి
చెల్లెలు ఉప్పు బళ్లన్నీ ఒక్కతే లాక్కొచ్చి
ఏడాది సంపాదన రేవంతా చల్లేసింది.
తెల్లారేసరికి పడవకి దారి దొరికింది.
అప్పులవాడింట్లో అంట్లు తోమడానికి చేరింది తను.
మంచు దానంతటదే విడిపోయిందనుకున్నాడు అన్న,
ముసలాడయ్యేదాకా అనుకుంటూనే ఉన్నాడు.

గంట మోగింది.
"ఇది తీసేశారా?" అంది పిల్ల,
దొంగని చూసినట్టు నన్ను చూసి.
కోటు అడగకుండానే లోపలికి పోయింది.

ఫిబ్రవరిలో ఓ కొత్త నాటకం. మాటల్లేవు.
ఒకడు నలభై నిమిషాలు బంగాళదుంపలు చెక్కుతాడు.
స్పీకర్లో కత్తి చప్పుడు, అప్పుడప్పుడూ నీళ్లు.
సగంమంది మధ్యలోనే వచ్చి కోట్లు గుంజుకుపోయారు.
మిగిలిన సగం, ఆఖర్న,
గుండీలు పెట్టుకోవడానికే చాలాసేపు తీసుకున్నారు.
అందించడానికి ఒక్క మాటైనా లేని ఆ రాత్రి
నా పెదాలు ఎందుకు కదిలాయో తెలీదు.

ఏప్రిల్లో ఉప్పు పడవల ఆఖరి ప్రదర్శన.
ముసలి అన్న వేషంలో గుండార్స్
చివరి రంగంలో ఆగిపోయాడు.
స్పీకర్లో ఏమీ లేదు.
చెవిలో యంత్రం ఏం చేస్తోందో మరి.
నాలుగు లెక్కపెట్టాను, అయిదు, ఆరు.
వాడి మాట నా నాలుక చివరుంది,
మూడువందల కోట్లకి వినబడేట్టు చెప్పాను కూడా.

హాల్లో ఎవరో దగ్గారు. దగ్గులాంటిదే.
అప్పుడు గొంతు పెగిలింది గుండార్స్‌కి:
"మంచు దానంతటదే విడిపోదు."
సనిత ప్రతిలో ఆ వాక్యం లేదు.
తర్వాత ఎంతసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదో
నేను లెక్కపెట్టలేదు.

జనం పల్చబడ్డాక ఎనభై ఎనిమిది వచ్చింది.
ముందు వరుస టిక్కెట్టు ముక్క ఇంకా గుప్పిట్లో ఉంది.
చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.
"నేనేం అనలేదు" అంది.
"నేనూ ఏం వినలేదు" అన్నాను,
కోటు చేతులు తొడిగించి.
తలుపు తీయగానే గాలి లోపలికి తొంగి చూసింది.